ఫొటోలో లేని చేతులు

సంతాప సభకి ఫొటో కావాలన్నారు
జీడిపప్పు వర్తకుల సంఘం వాళ్లు.
అమ్మ గోడ మీదినుంచి తీసిచ్చింది,
కాశీబుగ్గ స్టూడియోలో మేం నలుగురం దిగింది.
రాత్రికి రాత్రే అందులోంచి మమ్మల్ని తీసేసి
నాన్నొక్కడినీ తలుపంత చేశారు.

నున్నగానే కత్తిరించారు గానీ
ఎడమ భుజం దగ్గర
నా జడ రిబ్బను చివర మిగిలిపోయింది,
నీలం రంగుది, మిడతంత.

మైకు ముందు ఒక్కొక్కరూ లేచారు.
పద్దెనిమిదేళ్లు అధ్యక్షుడన్నారొకరు.
ఉమాపతి మాటంటే బ్యాంకు చెక్కన్నారొకరు.
తిత్లీ తుఫాను తోటలన్నీ పడుకోబెట్టిన ఏడు
పై దేశం పిక్క తెప్పించి
ఒక్క బట్టీ ఆరనివ్వలేదని
ఇంకొకాయన గొంతు పూడిపోయింది.
నేను రిబ్బన్నే చూస్తున్నాను.

సాయంత్రం ఏడింటికి స్కూటరు ఆగేది.
నేనూ తమ్ముడూ గుమ్మంలోకి పరిగెడితే
నాన్న రెండు చేతులూ వెనక్కి దాచుకునేవాడు.
"ముట్టుకోకండి, జీడి" అంటూ
దొంగలా పక్క సందులోంచి పెరట్లోకి.
యజమాని అయ్యాక కూడా
పిక్క తన చేత్తో చీల్చి చూడందే
బస్తా దించనిచ్చేవాడు కాదు.
ముందు కిరసనాయిలు, తరవాత బూడిద,
తరవాత కొబ్బరినూనె, తరవాత సబ్బు.
నూతి దగ్గర అరగంట.
ఆ అరగంటలో నాకు నిద్రొచ్చేసేది.

మా క్లాసు పిల్లల నాన్నలు
వీధిలోనే ఎత్తుకుని గిరగిరా తిప్పేవాళ్లు.
మా నాన్నకి నేనంటే ఇష్టం లేదని
పలక మీద రాసి
ఉమ్మితో చెరిపేశానొకసారి.

పెద్దయ్యాక చెప్పింది అమ్మ.
నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఆత్రం కొద్దీ
కడగని చేత్తో నా బుగ్గ నిమిరాడట.
తెల్లారేసరికి పొంగిపోయింది.
చెవి కింద ఇప్పటికీ మచ్చ,
వేలిముద్ర పడినంత.
"నువ్వు ఏడ్చింది ఒక్కపూటేనే,
ఆయన వారం రోజులు అన్నం
చెంచాతో తిన్నాడు" అంది.

సభ అయిపోయాక వెనక వరసలోంచి
దాలమ్మ వచ్చింది.
ముప్పయ్యేళ్లు మా దగ్గర పిక్కలు కొట్టిన మనిషి.
మైకు ఎవరూ ఇవ్వలేదు, తనూ అడగలేదు.
"మంచోడే గానమ్మా,
కిలోకి రూపాయి పెంచడాకి
మూడ్నెల్లు మమ్మల్ని గేటు బయట కూకోబెట్టీసినాడు.
మీయమ్మ సాటుగా గంజి పంపీది.
ఆయనికి తెల్దనుకుంటాది మీయమ్మ.
డబ్బా మీద ఉప్పు పొట్లం
రోజూ ఎవులు పెట్టీవోరో, ఏటో."

అరచేతులు తెరిచి చూపించింది.
గీతలుండాల్సిన చోట నలుపు.
జోస్యుడికి ఏమీ మిగల్చని చేతులు.
ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకునే ముందు
ఎంతసేపు కడుక్కునేదో
నేనెప్పుడూ అడగలేదు.
నాన్న అడిగాడో లేదో
ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఆఖరి నెలల్లో, శ్రీకాకుళం ఆసుపత్రిలో,
డయాలసిస్ మంచం మీద
ఆయన చేతులు తెల్లగా పాలిపోయాయి.
బట్టీ దగ్గరికి వెళ్లి పదేళ్లు.
అయినా నేను పట్టుకోబోతే
చటుక్కున వెనక్కి లాక్కునేవాడు.
సూది కదిలేది, నర్సు కసిరేది.
"కడిగేసుకున్నావు నాన్నా, ఎప్పుడో"
అంటే నమ్మకం కుదరక
నా మొహంలోకి చూసి, చూసి
ఒక్కో వేలూ ఇచ్చేవాడు.

దండ వెయ్యడానికి నా వంతు వచ్చింది.
ఫొటో నడుం దగ్గరే ఆగిపోయింది.
అందులో ఆయన చేతులు
ఎక్కడున్నాయో కత్తిరించినవాళ్లకి తెలీదు.
అందరి దండలూ
కాస్త పక్కకి జరిపాను,
రిబ్బను కనపడేలా.